వట్టికాళ్ళ వీరుడు అబేబే బికిలా

(ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా ఇరుగుపొరుగు దేశాలు. మొయాలే అనే ఊరైతే సరిహద్దు గీతకి సగం అటూ సగం ఇటూ ఉంది. రెండు దేశాలనీ చీల్చుకుంటూ ఒకే మహాలోయ పోతోంది. ఆ లోయ అంచుల్లో ఏడెనిమిది వేల అడుగుల ఎత్తున పీఠభూములున్నాయి. ప్రపంచంలో దూరపు పరుగు పందేలు గెలిచినవాళ్ళలో ఎక్కువమంది ఆ మెట్టనేలల మీద పుట్టి పెరిగినవాళ్ళే. అంచేత పరుగుల్లో ఎవరు గొప్ప అన్న వాదం ఈ రెండు దేశాల మధ్య ఈనాటికీ తెగలేదు. వాళ్ళు మారథాన్ సంగతెత్తితే వీళ్ళు స్టీపుల్‌చేజ్ సంగతెత్తుతారు. వీళ్ళు కీనో పేరు చెబితే వాళ్ళు ఇంకో పేరు చెబుతారు. ఆ ఇంకో పేరే అబేబే బికిలా. ఈ పోటీకి శ్రీకారం చుట్టినవాడు అతడే.

మాది వ్యవసాయ కుటుంబం. కాలవ కింద పక్కపక్క చేలవాళ్ళకి ఉండే పంతం ఎలాంటిదో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పక్క చేనాయనకి ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువ దిగితే మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్రపట్టదు. తెల్లారగానే ఆయన గుమ్మంలోకే పోయి విత్తనం ఎక్కడిదని అడుగుతాం. వచ్చే ఏటికి ఆయనకంటే ఒక బస్తా ఎక్కువ తియ్యాలని చూస్తాం. దీన్ని వైరం అనలేం. పూర్తిగా స్నేహం అని కూడా అనలేం. ఇథియోపియా, కెన్యాల మధ్య నడిచిన కథ నాకు అచ్చం ఇలాగే తోస్తుంది. ఐతే మొదటి విత్తనం ఎవరి గాదెలోంచి వచ్చిందంటే అబేబే జీవితం చెప్పుకోవాలి.

అతడు 1932 ఆగస్టు 7న జాటో అనే చిన్న పల్లెలో పుట్టాడు. అది షోవా ప్రాంతంలో, దెబ్రె బెర్హాన్ పట్టణానికి దాపుల ఉంది. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజే అక్కడికి ఎన్నో వేల మైళ్ళ దూరాన లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ పందెం జరిగింది. జ్యోతిషం మీద నమ్మకం ఉన్నవాళ్ళు దీన్ని ఎలాగైనా చెప్పుకోవచ్చు. ఇథియోపియాలో మనలాగా ఇంటిపేర్లు ఉండవు. మనిషిని అతని సొంత పేరుతోనే పిలుస్తారు. అబేబే అంటే వాళ్ళ భాషలో పూసినవాడని అర్థం. అంచేత నేనూ ఇకమీదట అబేబే అనే రాస్తాను.

వాళ్ళది పశువుల్ని మేపుకుంటూ కాస్త భూమి దున్నుకునే సంసారం. గుట్టల మీద మందల వెంట తిరగడమే అతని చిన్ననాటి చదువు. కర్రలతో బంతిని కొట్టే గెనా అనే ఆట బాగా ఆడేవాడు. అతనికి మూడేళ్ళప్పుడు, 1935లో, ముస్సోలినీ సైన్యం ఇథియోపియా మీదికొచ్చింది. విమానాల నుంచి విషవాయువులు కూడా ప్రయోగించారు. 1936 మే నెలలో అడిస్ అబాబా ఇటలీవారి చేత చిక్కింది. చక్రవర్తి హైలే సెలాసీ విదేశాలకి పోయి తలదాచుకున్నాడు. మరుసటేడు ఇటలీవారు ఆక్సుం నగరంలోని ఒక ప్రాచీన శిలాస్తంభాన్ని ముక్కలుగా చేసి రోముకి తరలించి అక్కడొక కూడలిలో నిలబెట్టుకున్నారు. ఎత్తు దాదాపు 24 మీటర్లు. పాఠకులు ఈ స్తంభాన్ని గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ వస్తుంది. 1941లో ఇటలీవారు ఓడిపోయి పోయారు, స్తంభం మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

పెద్దవాడయ్యాక అబేబే బతుకుతెరువు కోసం రాజధానికి వచ్చి చక్రవర్తి అంగరక్షక దళంలో సిపాయిగా చేరాడు. పేద రైతుల పిల్లలకి దొరికే నికరమైన ఉద్యోగం అదే. పొరుగున కెన్యాలో కూడా తర్వాత పేరు తెచ్చుకున్న పరుగువీరులు చాలామంది ఇలా వచ్చినవాళ్ళే. కిప్ కీనో పోలీసు, నఫ్తాలీ టెము సైనికుడు. కడుపుకి తిండి, ఒంటికి దుస్తులు, పొద్దున్నే లేచి పరుగెత్తే క్రమశిక్షణ అన్నీ ఒకచోట దొరికేవి. ఆ దళంలో ఓన్నీ నిస్కానెన్ అనే స్వీడన్ దేశస్థుడు వ్యాయామ శిక్షకుడుగా ఉండేవాడు. బక్కపల్చగా, మాట తక్కువగా ఉండే ఈ సిపాయి మీద అతని కన్నుపడింది. అబేబే శ్రద్ధగా మారథాన్ సాధన మొదలుపెట్టేసరికి పాతికేళ్ళు దాటాయి. మన కాలేజీ లెక్కన చూస్తే అతడు ఆటలు మానేసి ఉద్యోగం వెతుక్కోవాల్సిన వయసు!

ఇథియోపియా, కెన్యా రెండూ ఒలింపిక్స్‌లో మొదటిసారి అడుగుపెట్టింది ఒకే ఏడు, 1956లో, మెల్‌బోర్న్‌లో. కెన్యా అప్పటికింకా బ్రిటిష్‌వారి కిందే ఉంది. ఇథియోపియాకి పతకం రాలేదు. కెన్యాకీ రాలేదు, కాకపోతే నియాండికా మైయోరో అనే కుర్రాడు అయిదు వేల మీటర్లలో ఏడోవాడుగా వచ్చి తమవాళ్ళలో ఆశ రేపాడు. కాబట్టి అంతా అబేబే వల్లే మొదలైందంటే కెన్యావాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోవక్కర్లేదు కూడా. వాళ్ళ పొలంలో దుక్కి అప్పటికే అయివుంది.

ఇక రోము. 1960 సెప్టెంబరు 10. ఎండ వేడికి భయపడి మారథాన్‌ని సాయంత్రం పెట్టారు. ఆ పందెం స్టేడియంలో మొదలు కాలేదు, స్టేడియంలో ముగియనూ లేదు. కాపిటోలిన్ కొండ దగ్గర బయల్దేరి ఊరంతా తిరిగి, ప్రాచీనమైన అప్పియన్ బాట గుండా వచ్చి, కాన్‌స్టాంటైన్ తోరణం కింద ముగించాలి. మొత్తం 26 మైళ్ళ 385 గజాలు. అబేబే పేరు ఆనాడు ఇథియోపియా బయట ఎవరికీ తెలీదు. పైగా వట్టికాళ్ళతో వచ్చి నిలబడ్డాడు. బూట్లు కొనే స్తోమత లేక అలా వచ్చాడని చాలామంది రాశారు, అది నిజం కాదు. బూట్లు ఇస్తామన్నారు. కొత్త బూట్లు కాళ్ళని కొరికి బొబ్బలెక్కించాయి. స్వదేశంలో చెప్పుల్లేకుండా సాధన చేసిన అలవాటు ఎలాగూ ఉంది. అంచేత శిక్షకుడూ అతడూ ఆలోచించుకునే బూట్లు పక్కన పెట్టేశారు. కొత్త చెప్పులు కొరికితే చేతిలో పట్టుకుని నడిచిన మనలో చాలామందికి ఇందులో వింతేమీ కనపడదు.

మొరాకో దేశపు రాదీ బెన్ అబ్దెస్సలాం మీద కన్నేసి ఉంచమని నిస్కానెన్ ముందే చెప్పాడు, చొక్కా మీది అంకె కూడా చెప్పాడు. తీరా పందెంలో రాదీ వేరే అంకెతో వచ్చాడట. పక్కనే భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తుతున్నవాడే రాదీ అని తెలియక, ఆ అంకెగలవాడు ఇంకా ముందెక్కడో ఉన్నాడనుకుని అబేబే పరుగు తగ్గించలేదని చెబుతారు. చీకటి పడింది. అప్పియన్ బాట పొడుగునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. వీళ్ళిద్దరే మిగిలారు. ఆఖర్న, ఆక్సుం నుంచి ఎత్తుకొచ్చిన ఆ శిలాస్తంభం ఉన్న కూడలి దగ్గరికొచ్చేసరికి అబేబే ఒక్కసారి వేగం పెంచాడు. ఇక రాదీ అందుకోలేకపోయాడు. అబేబే 2 గంటల 15 నిమిషాల 16.2 సెకండ్లలో ముగించాడు. రాదీ పాతిక సెకండ్లు వెనకపడ్డాడు. అంతకుముందు సోవియట్ దేశపు పొపోవ్ పేరున ఉన్న ప్రపంచ ఉత్తమ సమయం ఒక సెకనులోపు తేడాతో మారిపోయింది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న నల్లజాతి ఆఫ్రికా దేశాల నుంచి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి మనిషి ఒక గొర్రెలకాపరి కొడుకు. గెలిచింది తన దేశాన్ని ఆక్రమించినవారి రాజధానిలో. ఆ స్తంభం 2005లో గాని ఇథియోపియాకి తిరిగి రాలేదు. 2008లో దాన్ని ఆక్సుంలో మళ్ళీ నిలబెట్టారు.

1960 అంటే ఆఫ్రికాలో ఒక్క ఏడాదిలోనే పదిహేడు దేశాలు స్వతంత్రమైన సంవత్సరం. కెన్యా వంతు రావడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది, 1963 డిసెంబరు 12న వచ్చింది. కొత్త జెండా ఎగరేసుకున్న దేశానికి రోడ్లు, ఆసుపత్రులు ఒక్కరోజులో రావు. పరుగెత్తే కాళ్ళు మాత్రం అప్పటికే ఉన్నాయి. పొరుగువాడు నిరూపించి చూపించాడు కూడా. ఆ లెక్కన అబేబే పతకం ఒక్క ఇథియోపియాదే కాదని నా అభిప్రాయం.

అతని ఇంటి సంగతులు అంత సాఫీగా నడవలేదు. రోము నుంచి వచ్చిన మూడు నెలలకే, 1960 డిసెంబరులో, చక్రవర్తి బ్రెజిల్ పర్యటనలో ఉండగా అంగరక్షక దళం సేనాపతి మెంగిస్టు నెవాయ్ తిరుగుబాటు చేశాడు. అది కొన్నాళ్ళలోనే అణగిపోయింది, మెంగిస్టుని మరుసటేడు ఉరితీశారు. ఆ దళంలోనే సిపాయి అయిన అబేబేని కూడా కొన్నాళ్ళు నిర్బంధించి వదిలేశారు. నిన్న పూలదండలు వేసిన చేతులే ఇవాళ తలుపులు మూశాయన్నమాట. అతడు మళ్ళీ పరుగులోకి వచ్చి 1961లో ఏథెన్స్, ఒసాకా, కొషిత్సెలలో గెలిచాడు. 1963లో బోస్టన్‌లో అయిదోవాడుగా వచ్చాడు.

టోక్యో ఒలింపిక్స్ పందెం 1964 అక్టోబరు 21న. దానికి అయిదు వారాల ముందు అతనికి అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ అయింది. ఐనా ఈసారి బూట్లు వేసుకుని వచ్చి 2 గంటల 12 నిమిషాల 11.2 సెకండ్లలో పరుగెత్తి తన ముందరి రికార్డును మూడు నిమిషాలకి పైగా తగ్గించేశాడు. రెండోవాడైన బ్రిటన్ దేశపు బేసిల్ హీట్లీ నాలుగు నిమిషాల తర్వాత గాని రాలేదు. వచ్చేదాకా అబేబే ఏం చేశాడనుకుంటున్నారు? మైదానంలో గడ్డి మీద పడుకుని కాళ్ళు పైకెత్తి కసరత్తు చేసుకుంటున్నాడు! ఒలింపిక్ మారథాన్‌ని రెండుసార్లు గెలిచిన మొదటివాడు అతడే. అదే టోక్యోలో విల్సన్ కిప్రుగుట్ 800 మీటర్లలో కాంస్యం గెలిచి కెన్యాకి తొలి ఒలింపిక్ పతకం తెచ్చాడు. మర్నాటి ఏడు కీనో మూడు వేల, అయిదు వేల మీటర్ల ప్రపంచ రికార్డులు రెండూ తన పేర రాయించుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని సామెత. కెన్యావాళ్ళు ఆ రుచి చూసి ఊరుకోలేదు, తామే వండటం మొదలుపెట్టారు.

1968 మెక్సికో నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ మా సైన్సు కాస్త చెప్పుకోవాలి. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, ఒక్కో శ్వాసకి అందే ఆమ్లజని తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ఎక్కువ వదుల్తాయి. దాని ఆజ్ఞ మీద ఎముకల మూలుగ ఎర్ర రక్తకణాల్ని ఎక్కువ తయారుచేస్తుంది. అడిస్ అబాబా ఎత్తు దాదాపు 2,350 మీటర్లు. కెన్యాలో పరుగువాళ్ళకి పేరుపడ్డ ఇటెన్ ఊరూ సుమారు అంతే. పల్లపు దేశాలవాళ్ళు ఆయాసపడుతోంటే వీళ్ళకది ఇంటిగాలి. ఐతే ఎత్తు ఒక్కటే చాలదు. ఆండీస్ పర్వతాల్లో ఇంకా ఎత్తున బతికేవాళ్ళున్నారు, పతకాలన్నీ వాళ్ళకి పోలేదు కదా. చిన్నప్పటి నడక, సన్నని పిక్కలు, ఉద్యోగంలాంటి సాధన, వీటన్నిటికీ తోడు పొరుగువాడిని చూసి పుట్టే పంతం. ఆ చివరిదాన్ని ఏ ప్రయోగశాలలోనూ కొలవలేం.

అక్టోబరు 13న పదివేల మీటర్లు జరిగింది. ఆఖరి మలుపు తిరిగేసరికి ముందున్నది ఇథియోపియాకి చెందిన మామో వోల్డే, అంగరక్షక దళంలో అబేబేకి తోటివాడు. వెనకే కెన్యా టెము. ఇంకాసేపట్లో గీత అనగా టెము దాటిపోయాడు. తేడా సెకనులో ఆరు పదోవంతులు. కెన్యాకి తొలి ఒలింపిక్ స్వర్ణం అది, గెలిచింది పొరుగువాడి మీదే! ఆ వారంలోనే అమోస్ బివోట్ స్టీపుల్‌చేజ్‌లోనూ, కీనో 1500 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచారు. కీనోకి పిత్తాశయం నొప్పి ఉండి వైద్యులు వద్దన్నా వినలేదు.

సరిగ్గా వారానికి, 20వ తేదీన, మారథాన్. అబేబే కాలి ఎముక దెబ్బతిని ఉంది. మూడోసారి గెలవాలన్న ఆశతో నిలబడ్డాడు గాని 17 కిలోమీటర్ల దగ్గర తప్పుకోవాల్సొచ్చింది. తప్పుకునే ముందు మామోని పిలిచి, ఇక నువ్వే గెలవాలని చెప్పాడంటారు. మామో మూడు నిమిషాలకి పైగా తేడాతో గెలిచాడు. ఇథియోపియాకి వరసగా మూడో మారథాన్ స్వర్ణం. వారం కిందట మామోని ఓడించిన టెము ఈ పందెంలో పంతొమ్మిదోవాడు. టాంజానియాకి చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారీ దారిలో పడి కాలు చితక్కొట్టుకుని, కట్టు కట్టించుకుని, అందరికంటే ఆఖర్న చీకట్లో కుంటుకుంటూ స్టేడియంలోకి వచ్చాడు. తూర్పు ఆఫ్రికా దేశాలు మూడూ ఆ ఒక్క పందెంలోనే తలా ఒక కథ సంపాదించుకున్నాయి. నా మటుకు నాకు గెలిచినవాడి పరుగుతో సమానంగా అఖ్వారీ నడకా ఇష్టం.

1969 మార్చిలో ఒక రాత్రి అబేబే తన చిన్న ఫోక్స్‌వాగన్ కారు నడుపుకుంటూ వస్తుండగా అది బోల్తాపడింది. తెల్లారేదాకా అందులోనే ఇరుక్కుపోయాడు. వెన్నుపూస దెబ్బతింది. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. నెలల తరబడి వైద్యం జరిగింది, చేతులకి శక్తి తిరిగొచ్చింది, కాళ్ళకి మాత్రం రాలేదు. ప్రపంచంలోకెల్లా దూరం పరుగెత్తిన కాళ్ళవి. అప్పుడతనికి ముప్పై ఆరేళ్ళు.

మంచాన పడ్డాడని ఇంట్లో కూర్చోలేదు. 1970లో స్టోక్ మాండెవిల్‌లో వికలాంగుల క్రీడల్లో చక్రాల కుర్చీలో కూర్చుని విలువిద్యలో, టేబుల్ టెన్నిస్‌లో పాల్గొన్నాడు. 1971లో నార్వేలో మంచు మీద స్లెడ్జి బండి పందెంలో గెలిచాడు. భూమధ్యరేఖకి దగ్గర్లో పుట్టినవాడు ఉత్తరధ్రువం వైపు పోయి మంచులో గెలవడం! రోములో గెలవడం కంటే ఇదేం తక్కువని నాకనిపిస్తుంది.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌కి అతణ్ణి అతిథిగా పిలిచారు. మారథాన్ గెలిచిన అమెరికన్ ఫ్రాంక్ షార్టర్ అతని కుర్చీ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. నలభై ఏళ్ళ మామోకి కాంస్యం వచ్చింది. అక్కడే కీనో స్టీపుల్‌చేజ్ గెలిచాడు. ఉగాండాకి చెందిన జాన్ అకీబువా 400 మీటర్ల హర్డిల్స్‌లో ప్రపంచ రికార్డుతో తన దేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు. ఒక ఇంట్లో వెలిగిన దీపం ముట్టించుకుంటూ వీధంతా వెలిగినట్టయింది. మరుసటేడు 1973 అక్టోబరు 25న మెదడులో రక్తస్రావమై అబేబే చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్ళే. దేశమంతా సంతాపదినం పాటించింది. వేలాదిమంది వెంట నడవగా సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వచ్చినవాళ్ళలో చక్రవర్తి కూడా ఉన్నాడు. ఏడాది తిరక్కుండానే ఆ సింహాసనమూ కూలిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం ఇరుగుపొరుగు ఒలింపిక్స్‌లో ఎదురెదురు పడనే లేదు. దక్షిణాఫ్రికా జాతివివక్ష గొడవ మీద 1976లో రెండూ బహిష్కరించాయి. 1980లో మాస్కోకి కెన్యా పోలేదు, ఇథియోపియా పోయింది. మిరుట్స్ యిఫ్టర్ అయిదు వేలు, పదివేలు రెండూ గెలుచుకొచ్చాడు. 1984, 1988లలో ఇథియోపియా పోలేదు, కెన్యా పోయింది. పెద్దల రాజకీయాల్లో ఎంతమంది కుర్రాళ్ళ మంచి వయసు వృథా అయిపోయిందో చూడండి. మళ్ళీ 1992లో బార్సిలోనాలో గాని ఇద్దరూ ఒకే మైదానంలో దిగలేదు.

దిగాక పాతబాకీ తీర్చుకోవడం మొదలైంది. 1996లో, 2000లో పదివేల మీటర్లలో హైలే గెబ్రెసెలాసీ మొదటివాడు, కెన్యా పాల్ టెర్గట్ రెండోవాడు. సిడ్నీలో తేడా సెకనులో నూటికి తొమ్మిది వంతులు, అంటే నూరు మీటర్ల పందెంలో ఉండే తేడా. అంతగా పోటీపడ్డవాళ్ళు మంచి స్నేహితులు కూడా. టెర్గట్ 2003లో బెర్లిన్‌లో మారథాన్ రికార్డు పెడితే 2007లో అదే బెర్లిన్‌లో హైలే దాన్ని తీసేశాడు. పురుషుల పదివేల మీటర్లలో కెన్యాకి 1968 నాటి టెము స్వర్ణం తర్వాత 2024 దాకా మరో ఒలింపిక్ స్వర్ణం లేదు. పురుషుల స్టీపుల్‌చేజ్‌లో 1968 నుంచి 2016 దాకా తాను పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం కెన్యాదే. అందులో ఇథియోపియాకి ఒక్కటీ దక్కలేదు. ఎవరి మడి వాళ్ళకే బాగా పండుతోంది.

మారథాన్ సంగతి చూస్తే, ఎన్నో ప్రపంచ రికార్డులు పెట్టిన కెన్యాకి ఒలింపిక్ స్వర్ణం 2008లో బీజింగ్‌లో శామ్యూల్ వంజిరు తెచ్చేదాకా లేదు. అబేబే రోములో గెలిచిన నలభై ఎనిమిదేళ్ళకి! 2016లో, 2021లో జరిగిన టోక్యో పందెంలో ఎలియుడ్ కిప్చోగె వరసగా గెలిచి అబేబేతో సమానమయ్యాడు. 2024 ఆగస్టులో పారిస్‌లో అతడు మూడోది గెలవాలని దిగాడు. ఎవరూ గెలవని మూడోది, మెక్సికోలో అబేబేకి అందనిది. 30 కిలోమీటర్లు దాటాక కిప్చోగె తప్పుకున్నాడు. గెలిచింది ఇథియోపియాకి చెందిన తమిరత్ తోలా. అతడు నిజానికి జట్టులో ఒకడికి దెబ్బతగిలితే బదులుగా వచ్చినవాడు. కిప్చోగె దారిపక్కన తనని చుట్టుముట్టిన జనానికి చొక్కా, మేజోళ్ళు, బూట్లు అన్నీ పంచిపెట్టేసి వెళ్ళిపోయాడు.